గ్రీష్మాంత సేవలు – పూర్తధర్మము: తిరువూరు సీమ నీటి కథ



ఈ జీర్ణోద్ధరణ సంచికకు ఒక వ్యాసము వ్రాయుమని ఆలయ సంఘమువారు కోరినప్పుడు, అర్చకుడు గనుక స్వామి మహిమలను గూర్చి వ్రాయునని తలచియుందురు. మహిమలు చెప్పుటకు నాకంటె సమర్థులు ఈ సంచికయందే కలరు. నేను నీటిని గూర్చి వ్రాయుచున్నాను. మన తిరువూరులో ఏటేట వేసవి కడపట, అనగా రోహిణి కార్తె మొదలు ఆషాఢ పూర్ణిమ వరకు, చలివేంద్రములు, మజ్జిగ పంపకము, వరుణజపము, సహస్రఘటాభిషేకము, ఏరువాక అని ఒకదాని వెంట ఒకటి జరుగుచుండును. ఇవి ఎక్కడ పుట్టినవి, ఎట్లు మారుచు వచ్చినవి అను చరిత్రను నాకు తెలిసినంతలో మనవి చేయుదును. అందు సంతోషము కలిగించునవి కలవు. తల వంచుకొనవలసినదియు ఒకటి కలదు. దానిని కూడ దాచను.

ముందుగా మన నేలను గూర్చి నాలుగు మాటలు. కృష్ణా జిల్లా అనగానే ఇతర ప్రాంతములవారు పచ్చని మాగాణులను, నిండు కాలువలను తలచుకొందురు. అది డెల్టా మాట. 1852లో మొదలై 1855లో ముగిసిన బెజవాడ ఆనకట్ట వలన దిగువ తాలూకాలకు కాలువలు వచ్చినవి గాని, ఎగువనున్న మన మెట్టకు రాలేదు. మనకు ఆకాశమే కాలువ. వాన కురిసిన చెరువు నిండును, చెరువు నిండిన బావి ఊరును. 1832–33 నాటి నందన కరువు, 1876లో మొదలైన ధాత కరువు తెలుగునాట ఎంతటి ప్రాణనష్టము చేసినవో చరిత్ర చదివినవారెరుగుదురు. సంవత్సరముల పేర్లే కరువులకు పేర్లై నిలిచినవనిన, ఆ యేడులలో జనులకు గుర్తుంచుకొనుటకు వేరొకటి మిగులలేదన్నమాట. సాగరు ఎడమ కాలువ నీరు 1967 ఆగస్టు 4న విడుదలయ్యెను. ఆ కాలువ నల్లగొండ, ఖమ్మము జిల్లాలు దాటి మన సీమకు వచ్చును. మనది చివరి ఆయకట్టు. పంక్తిలో కడపట కూర్చున్నవాని విస్తరికి పాయసము ఎంత చేరునో మన పొలములకు నీరంతే చేరును.

మన ఊరు దారి మీది ఊరు కూడ. బెజవాడ వైపు నుండి మైలవరము, ఎ.కొండూరు మీదుగా వచ్చి, పెనుబల్లి, కొత్తగూడెము దాటి భద్రాద్రికి పోవు మార్గము తిరువూరు నడిబొడ్డున పోవుచున్నది. లోగడ దీనిని 221వ జాతీయ రహదారి అనిరి, ఇప్పుడు 30వ సంఖ్య ఇచ్చిరి. నిజాము రాజ్యమున్నన్నాళ్ళు మనది సరిహద్దు తాలూకా. 1956లో సరిహద్దు చెరిగినది, 2014లో మరల వచ్చినది. మన తాలూకా 1985లో మండలములుగా విడివడినది. ఊరు 2011లో నగర పంచాయతీ అయినది, 2022లో ఎన్.టి.ఆర్. జిల్లాలో రెవెన్యూ డివిజను కేంద్రమైనది. పాలకులు, పేర్లు ఎన్ని మారినను ఎండలో దారి నడచువాని దాహము మారలేదు. దారి మీది ఊరికి అదియొక బాధ్యత.

దాహము తీర్చు శాలకు సంస్కృతమున ప్రప అని పేరు. అమరసింహుడు దానిని పానీయశాలిక అనెను. మన తెలుగువారు చలిపందిరి, చలివేంద్రము అందురు. ఇది ఎంత పాతదో చూడుడు. అశోక చక్రవర్తి తన ఏడవ స్తంభశాసనమున, దారుల వెంట మర్రిచెట్లు నాటించితిననియు, బావులు త్రవ్వించితిననియు, పశువులకును మనుష్యులకును నీటిశాలలు పెట్టించితిననియు చెప్పుకొనెను. పశువులను కూడ చేర్చుట గమనింపుడు. క్రీస్తుశకము రెండవ శతాబ్ది తొలి భాగమున క్షాత్రపుడైన నహపానుని అల్లుడు ఉషవదాతుడు నదులు దాటువారికి ఉచితముగా పడవలు నడిపించి, రెండు గట్టుల మీదను సభలను, ప్రపలను కట్టించెనని నాసికు గుహలోని శాసనము తెలుపుచున్నది. దానికి ఎదురుగా మన శాతవాహనులు. హాలుని గాథాసప్తశతిలో ఒక గాథ కలదు. చలిపందిరిలో నీరు పోయు పడుచును చూచుచు బాటసారి దోసిలి వ్రేళ్ళను ఎడము చేసి నీటిని జారవిడుచునట. ఆమెయు అది గ్రహించి ధారను సన్నము చేయునట. ఇరువురికిని తొందర లేదు. అర్చకుడు ఇట్టి శృంగార గాథను చెప్పవచ్చునా అని నవ్వవలదు. నాకు కావలసినది అందలి దోసిలి. దాని సంగతి ముందు వచ్చును.

శ్రీకృష్ణదేవరాయలవారికి కళింగ దండయాత్రలో కృష్ణా జిల్లాలోని శ్రీకాకుళమున ఆంధ్రవిష్ణువు స్వప్నమున కనబడి ఆముక్తమాల్యద రచింపుమని ఆనతిచ్చెనని ప్రసిద్ధి. ఆ కావ్యమున విష్ణుచిత్తుడు ఋతువును బట్టి అతిథులకు వంట మార్చును. వేసవిలో అతని ఇంట గోరువెచ్చని అన్నము, పలుచని మజ్జిగ, చెరకురసము, లేత కొబ్బరినీరు, మామిడి ఊరుగాయ మొదలైనవి వడ్డింపబడును. ఎండకు డస్సినవానికి ఏది పెట్టవలెనో తెలిసి పెట్టుట అన్నమాట. ఈనాడు మన బస్టాండు వద్ద మజ్జిగలో అల్లము, కరివేపాకు నలిపి వేయువారికి ఆ కావ్యము తెలియకపోవచ్చును, ఆ ఆచారము మాత్రము తెలియును.

ఇక శాస్త్రము. మన ధర్మశాస్త్రములు పుణ్యకార్యములను ఇష్టము, పూర్తము అని రెండుగా విభజించినవి. యజ్ఞయాగాదులు, అగ్నిహోత్రము మొదలగునవి ఇష్టము. దిగుడుబావులు, నూతులు, చెరువులు, దేవాలయములు, అన్నదానము, తోటలు – ఇవి పూర్తము. ఒక్క నిమిషము ఆగి ఈ పట్టికను మరల చదువుడు. దేవాలయము కట్టుట యజ్ఞముల పంక్తిలో లేదు, నూతుల పంక్తిలో ఉన్నది. గుడి, బావి, అన్నసత్రము ఒక తల్లి బిడ్డలు. లిఖిత స్మృతి ఇంకొక మాట కూడ చెప్పినది. ఇష్టమునకు అధికారులు ద్విజులే యనియు, పూర్తమునకు శూద్రుడును అధికారియే యనియు దాని నిర్ణయము. ఆనాటి కట్టుబాట్ల నడుమ తెరచియుంచిన తలుపు ఇది. చాల చిన్న తలుపే, కాని తెరచియున్నది. అదే స్మృతి, శిథిలమైన బావిని గాని చెరువును గాని దేవాలయమును గాని మరల ఉద్ధరించువానికి కొత్తగా కట్టించినవానితో సమానమైన పూర్తఫలము కలుగునని చెప్పుచున్నది. జీర్ణోద్ధరణకు విరాళమిచ్చిన మహాశయులందరు తమ ఫలమునకు ఇదియే ప్రమాణమని తెలిసికొనవచ్చును. బావి ముందు, గుడి తరువాత చెప్పబడినవని కూడ తెలిసికొనవలెను.

నా చిన్నతనమున చలివేంద్రము ఎట్లుండెడిదో నేటి పిల్లలకు తెలియదు గనుక కొంచెము విస్తరించి చెప్పుదును. చైత్రమున శ్రీరామనవమికి ముందు తాటాకు పందిరి వేసెడివారు. నేల మీద మోకాలెత్తు ఇసుక తిన్నె పోసి, దానిని తడిపి, అందులో కొత్త కుండలను సగము వరకు పూడ్చెడివారు. కొత్త కుండ మొదటి నాడు పనికిరాదు. ఒక రాత్రి నీటిలో నాననిచ్చి, ఆ నీరు పారబోసిన తరువాతనే మట్టి వాసన తగ్గును. కుండ చుట్టు తడిగుడ్డ, కుండలో వట్టివేళ్ళ కట్ట, మీద మూకుడు, మూకుడు మీద కొబ్బరిచిప్ప గరిటె. కుండ ఒంటి నుండి నీరు సన్నగా చెమర్చి, ఆ తడి ఆరునపుడు లోపలి నీటి వేడిమిని కొనిపోవును. అందుకే గాలి ఆడు చోటనే పందిరి వేయవలెను, గోడ చాటున వేసిన నీరు చల్లబడదు. నెల, నెలన్నర గడచిన కుండ చెమర్చుట మానును, దాని రంధ్రములు పూడిపోవును. అప్పుడు కుమ్మరి ఇంటి నుండి కొత్త కుండ రావలెను. మా ఊరిలో కుమ్మరి ఆ కుండలకు వెల పుచ్చుకొనెడివాడు కాడు. అది అతని పూర్తము.

చలివేంద్రమునకు మాన్యములు కూడ ఉండెడివి. 1858లో ఏర్పడిన ఇనాము కమిషను మద్రాసు రాజధానిలోని ఇనాములన్నిటిని విచారించినప్పుడు, సత్రములకును, నూతులకును, తోపులకును, చలిపందిళ్ళకును ఇచ్చిన భూములు ధర్మదాయములుగా లెక్కకు వచ్చినవి. నీరు పోయు మనిషికి ఆ భూమి మీది ధాన్యమే జీతము. సాధారణముగా ఒక వృద్ధ స్త్రీ ఆ పనిలో ఉండెడిది. మా ఊరి ముసలమ్మ, ఎండన పడి వచ్చినవానికి వెంటనే నీరు పోయక, ముందు కూర్చుండబెట్టి, చేతిలో చిన్న బెల్లపుముక్క పెట్టి, తరువాత పోసెడిది. వేడి ఒంటిలో చల్లని నీరు గభాలున పడరాదని ఆమె వైద్యము.

ఇప్పుడు దోసిలి సంగతి చెప్పుదును.

పూర్వము బాటసారులందరికి నీరు దోసిటనే పోసెడివారు. హాలుని గాథలోని పడుచువాడును దోసిటనే త్రాగెను. పాత్ర ఎంగిలి కాకుండుటకు అది మర్యాద. కాబట్టి దోసిలి పట్టించుట అవమానము కాదు. కాని నేను పదేండ్ల బాలుడనై యుండగా, అనగా 1970 ప్రాంతమున, మా ఊరి చలివేంద్రమున ఒక వెదురు గొట్టము వ్రేలాడుచుండెడిది. చీల్చిన వెదురు, మూరన్నర పొడవు. ఇతరులు వచ్చినపుడు ముసలమ్మ చేతికందునంత దగ్గరగా వంగి గరిటెతో పోసెడిది. దక్షిణపు వాడ నుండి మాలమాదిగలు వచ్చినపుడు ఆ గొట్టమును అందుకొని, ఈ కొనను నీరు పోయగా ఆ కొనను వారు దోసిలి పట్టెడివారు. నీరు అదే, కుండ అదే, బెల్లపుముక్క మాత్రము వారికి ఉండెడిది కాదు. మా తండ్రిగారిని ఎందుకని అడిగితిని. ఆచారమనిరి. అప్పటికి రాజ్యాంగము వచ్చి ఇరువదియేండ్లు. దాని 15వ అధికరణము బావులు, చెరువులు, స్నానఘట్టముల వాడుకలో కులమును బట్టి అడ్డుపెట్టరాదని చెప్పినది, 17వ అధికరణము అంటరానితనమునే రద్దు చేసినది. అంతకు మునుపే, 1927 మార్చి 20న, డాక్టరు అంబేడ్కరుగారు మహాద్ చెరువుకు నడచి ఆ నీరు త్రాగిరి. 1933 డిసెంబరులో గాంధీగారు హరిజన యాత్రలో బెజవాడకు వచ్చిరి. ఇన్ని జరిగినను, మా ఊరి వెదురు గొట్టము 1970లో కూడ తన చోటనే ఉండెను. దానిని ఎవరు ఎప్పుడు తీసివేసిరో నాకు జ్ఞాపకము లేదు. నేను వేదపాఠశాలకు పోయి, సెలవులకు తిరిగి వచ్చిన ఒక వేసవిలో అది అక్కడ లేదు, అంతే.

మన తిరువూరు చలివేంద్రములలో ఇట్టి గొట్టమును నేను చూడలేదు. నేను 1980 దశకమున ఇచ్చటి ఆలయ సేవకు వచ్చితిని, అప్పటికి స్టీలు గ్లాసులు వచ్చినవి. అందులోను గొలుసు కట్టిన గ్లాసు ఒకటి, కట్టనిది ఒకటి అను తేడాలు ఎక్కడెక్కడనో ఉండెడివని వింటిని. నా కంటబడినది మాత్రము ఇంకొకటి. దానిని వరుణజపముతో కలిపి చెప్పవలెను.

వాన కొరకు వేదము చెప్పిన కర్మ కారీరీష్టి. మన ఆంధ్రదేశమున అధికులు అభ్యసించు తైత్తిరీయ సంహిత రెండవ కాండ, నాలుగవ ప్రశ్నలో దాని మంత్రములు, బ్రాహ్మణము కలవు. యజమానుడు నల్లని అంచు గల నల్లని వస్త్రము ధరించును. నలుపు వానకు రూపమని శ్రుతి. కరీర ఫలముల పిండిని తేనెతో కలిపి హోమమునకు వాడుదురు. ఈ ఇష్టి నేడు మిక్కిలి అరుదు. మన ఆలయములలో జరుగునది వరుణసూక్త జపము, రుద్రాభిషేకము, ఇళ్ళలో తిక్కనగారి విరాటపర్వ పఠనము. విరాటపర్వము చదివిన వాన వచ్చునని తెలుగువారి నమ్మకము, ఏ శాస్త్రమున చెప్పిరని అడుగవలదు, తిక్కనగారి మీది ప్రేమయే ప్రమాణము.

ఋగ్వేదము ఏడవ మండలమున 103వ సూక్తము మండూకసూక్తము. వసిష్ఠుడు వాన కోరి పర్జన్యుని స్తుతింపగా కప్పలు ఆమోదించినవనియు, అందుకు ఆయన కప్పలను స్తుతించెననియు యాస్కుడు నిరుక్తమున చెప్పెను. ఒక కప్ప అరచిన మరియొకటి బదులు పలుకుట, గురువు సంథ చెప్పగా శిష్యులు తిరిగి చెప్పునట్లున్నదని ఆ ఋషి పోల్చెను. పాఠశాలలో దీనిని చెప్పుకొనునపుడు మేము నవ్వుకొనెడివారము. ఆ నవ్వునకు మా గురువుగారును అడ్డు చెప్పలేదు. ఇక మన పల్లెలలో వాన రానియేట పిల్లలు చేయునది చూడుడు. రోకలికి వేపమండలు కట్టి, నడుమ కప్పను కట్టి, ఇద్దరు భుజముల మీద మోయుచు ఇల్లిల్లు తిరుగుదురు. ఇల్లాండ్రు కడవతో నీరు తెచ్చి కప్ప మీద, పిల్లల మీద పోయుదురు. కప్పతల్లి ఆట అందురు. ఆ పిల్లలలో ఒక్కరును నిరుక్తము చదువలేదు. వసిష్ఠుని నుండి వారికి వచ్చినదో, వారి పూర్వుల నుండి వసిష్ఠునికి వచ్చినదో చెప్పు సాహసము నేను చేయను. రెంటికి నడుమ గోడ లేదని మాత్రము చెప్పగలను.

2002వ సంవత్సరము మీలో అనేకులకు జ్ఞాపకముండును. దేశమంతట ఆ జూలైలో కురియవలసిన వానలో సుమారు సగమే కురిసినది. జ్యేష్ఠము గడచినది, ఆషాఢము గడచుచున్నది, దుక్కులు దున్నినవారు విత్తనములు చేతబట్టుకొని ఆకాశము చూచుచుండిరి. ఆలయమున సహస్రఘటాభిషేకము చేయవలెనని పెద్దలు నిశ్చయించిరి. వేయి కడవల నీటిని నమకచమకములతో శివలింగము మీద పోయుట ఈ అభిషేకము. కొన్ని ఊళ్ళలో సోమసూత్రమును మూసి, లింగము మునుగువరకు గర్భాలయమును నింపుదురు. కడవలు సిద్ధమైనవి. చూడబోగా ఆలయపు బావిలో నీరు లేదు. అడుగున మోకాలి లోతు బురద నీరు, నాలుగు చేదలకే అయిపోయినది. వీధి బోర్లు ఎండిపోయినవి. నీరున్నది ఒక్క చోటనే – వాడ అవతలి కాలనీలోని చేతిపంపులో.

ఆ నీరు వచ్చినది. తెల్లవారుజామున మొదలుపెట్టి ఆ కాలనీ స్త్రీలు వంతులవారీగా పంపు కొట్టిరి. కడవలు వీధి పొడవున చేతులు మారుచు వచ్చినవి. మైల అను మాట ఆనాడు ఎవరి నోటను వినరాలేదు, అవసరమునకు ఆ మాట మరపునకు వచ్చును. కాని చేతులు మారుచు వచ్చిన కడవలు గాలిగోపురము దగ్గర మరియొకరి చేతిలోనికి పోయినవి, మోసినవారు అక్కడనే ఆగిరి. ఎవరును వారిని ఆపలేదు. ఎవరును లోనికి రమ్మని కూడ అనలేదు. 1947 నాటి మద్రాసు ఆలయ ప్రవేశ చట్టము ప్రకారము లోనికి వచ్చు హక్కు వారికున్నదని నాకు తెలియును. నేను గర్భాలయమున నమకము చెప్పుచు ద్వారము వైపు చూచితిని. మంత్రము నడుమ మాటలాడరాదు గదా అని నాకు నేను చెప్పుకొంటిని. పదకొండు అనువాకములు ముగిసిన తరువాతను నేను మాటలాడలేదు. వాన ఆ పక్షమున పడినదా, లేదా అని ఇన్నేండ్ల తరువాతను నన్ను అడుగువారున్నారు. పడినది, స్వల్పముగా. నాకు జ్ఞాపకమున్నది ఆ గోపురము దగ్గరి తడినేల మాత్రమే.

మరుసటి వేసవి నుండి అభిషేకములలో కడవ పట్టినవారే గర్భాలయ ద్వారము వరకు వచ్చి అందించు పద్ధతి పెట్టుకొంటిమి. సంఘములో ఇద్దరు ముగ్గురు గొణిగిరి. తరువాత అలవాటైనది.

మిగిలిన సేవలను గూర్చి త్వరగా చెప్పెదను. జ్యేష్ఠ శుద్ధ ఏకాదశి నిర్జలైకాదశి. తాను నీరు మాని, నీటితో నిండిన కుంభమును దానమిచ్చుట ఆనాటి విధి. జ్యేష్ఠ పూర్ణిమ ఏరువాక పున్నమి. ఎద్దులను కడిగి, కొమ్ములకు రంగులు పూసి, నాగలి కట్టుదురు. శాక్యరాజు శుద్ధోదనుడు స్వయముగా నాగలి పట్టిన పండుగను బౌద్ధ గ్రంథములు వర్ణించినవి గనుక ఈ పండుగ వయస్సు ఎంతయో ఊహించుకొనుడు. ఇప్పుడు మన ప్రాంతమున ట్రాక్టరుకు పసుపు కుంకుమలు పెట్టువారే ఎక్కువ, అందు తప్పేమియు లేదు. అదే పూర్ణిమనాడు పూరీ క్షేత్రమున జగన్నాథునికి సువర్ణకూపమను బావి నుండి తోడిన 108 కుంభములతో స్నానము చేయింతురు. తిరుమలలో జ్యేష్ఠాభిషేకము ఈ మాసముననే. ఆషాఢ పూర్ణిమకు ముగియునట్లు బెజవాడ ఇంద్రకీలాద్రిపై అమ్మవారికి శాకంబరి అలంకారము చేయుదురు. నూరేండ్ల అనావృష్టిలో జగన్మాత తన దేహమున పుట్టిన శాకములతో లోకమును పోషించునని దేవీమాహాత్మ్యము చెప్పును. మన సీమ నుండి కూడ రైతులు కూరగాయలు పంపుదురు. బడులు తెరచు వేళ ఆలయ ముంగిట పిల్లలకు నోటుపుస్తకములు పంచు అలవాటు ఈ మధ్య వచ్చినది. విద్యాదానము గనుక మంచిదే. దాతగారి ఫోటో పుస్తకము అట్టమీద అంత పెద్దదిగా ఉండవలెనా అనునది నా సందేహము.

చలివేంద్రములకును ఫ్లెక్సీ బొమ్మలు వచ్చినవి. ఏప్రిలులో రిబ్బను కత్తిరించి ప్రారంభించినవి మే నెల నడుమకే ఎండిపోవుట చూచుచున్నాము. నీరు నిజముగా కావలసినది రోహిణి కార్తెలో, రోళ్ళు పగులు ఎండలో. 2003లోను, 2015లోను వడగాడ్పులకు ఆంధ్రదేశమున ఒక్కొక్కయేట వేయిమందికి పైగా మరణించిరి. వారిలో కూలికి పోయినవారు, ముదుసలులు, దారి నడచినవారే అధికము. ఇంట ఫ్రిజ్ గలవాడు చలివేంద్రము ఎందుకనుకొనును. ఇరువది లీటర్ల డబ్బా కొనలేనివానికి అదే ఆధారము.

నీరుండుట ఒకటి, అది మంచి నీరగుట వేరొకటి. మన పొరుగున ఎ.కొండూరు మండలపు తండాలలో మూత్రపిండముల వ్యాధి ఎన్ని కుటుంబములను క్రుంగదీసినదో మనకు తెలియును. అక్కడివారికి బోరునీటికి బదులు కృష్ణా జలములను గొట్టముల ద్వారా అందించు పథకమును ప్రభుత్వము చేపట్టినది. తండా నుండి డయాలిసిస్ కొరకు బెజవాడ పోవుచు, బస్టాండు చలివేంద్రము వద్ద కూర్చున్న ఒకనికి నేను గ్లాసు అందింపగా, ఎంత త్రాగవలెనో డాక్టరుగారు కొలత పెట్టిరండీ అని సగము త్రాగి తిరిగి ఇచ్చెను. దాహమున్నవాడు నీరు తిరిగి ఇచ్చుట నేను చూచుట అదే మొదలు.

చివరగా మన ఆలయపు బావి. జీర్ణోద్ధరణ ప్రణాళిక సిద్ధమైనపుడు ఈశాన్యమున నున్న పాతబావిని పూడ్చి, దాని మీద గ్రానైటు పలకలు పరచి, భక్తులు బారులు తీరుటకు చోటు చేయవలెనని సూచన వచ్చినది. సూచించినవారు దురుద్దేశముతో చెప్పలేదు. పదేండ్లుగా వాడుకలో లేని బావి, పిల్లలు పడుదురని భయము, స్థలము ఇరుకు. బోరు ఉండగా బావి ఎందుకనిరి. నేను లిఖిత స్మృతి తీసి చదివితిని. శిథిలమైన గుడిని ఉద్ధరించుచు శిథిలమైన బావిని పూడ్చిన యెడల ఏ చేతితో సంపాదించిన ఫలమును ఏ చేతితో పోగొట్టుకొందుమో ఆలోచింపుడని అడిగితిని. శాస్త్రముతో తేలలేదు. రెండు సమావేశములు గడచినవి. తుదకు మాట నెగ్గించినది 2002లో ఆ కాలనీ నుండి కడవ మోసిన స్త్రీలలో ఒకామె కుమారుడు. ఇప్పుడతడు తాపీమేస్త్రీ, ఈ ఆలయపు ప్రాకారపు పని అతనిదే. పూడ్చుటకు ఎన్ని లారీల మట్టి కావలెనో, పూడిక తీయుటకు ఎన్ని రోజుల కూలి పట్టునో కాగితము మీద లెక్క వేసి చూపెను. తీయుటయే చవుక.

పూడిక తీసిరి. అడుగున పగిలిన చేదలు రెండు, రాగి చెంబొకటి, ఒక పాత నాగపడగ రాయి దొరికినవి. గాలిగోపురము మీద, మండపము మీద పడిన వాననీరు పైపుల ద్వారా పక్కనున్న ఇంకుడుగుంతలో దిగునట్లు చేసి, బావికి నడుము ఎత్తు గోడ కట్టి, పైన ఇనుప వల వేసిరి. మొన్నటి వానలకు ఎనిమిది అడుగుల నీరు నిలిచినది.

జీర్ణోద్ధరణ జరుగు కాలమున స్వామి కళలను కుంభజలమున ఆవాహన చేసి బాలాలయమున నిలుపుట మీరెరిగినదే. అనగా ఇన్ని మాసములు మన స్వామి నీటిలోనే ఉండెను. మహాకుంభాభిషేకమునకు కావలసిన నీటిని ఈ బావి నుండియే తోడవలెనని సంఘమువారు అంగీకరించిరి. ఉదయము నాలుగు గంటలకు తోడుట మొదలగును. కడవలు తెచ్చుకొనువారు తూర్పు ద్వారమున రావలెను. కుంభములు నిండిన తరువాత తోడిన నీరు రహదారి పక్కనున్న మన చలివేంద్రపు కుండలకు పోవును. కొత్త కుండలు నలుబది వచ్చినవి, నిన్న రాత్రి నుండి తొట్టిలో నానుచున్నవి.